సీసం అతుకు

ఒక బొమ్మ రైలింజను బాగుచెయ్యడానికి ఏడు వారాలు పట్టే మెకానిక్కుని తన జన్మలో చూళ్లేదని కింది వాటా కుట్టుమిషనావిడ అందట. ఎదురు వాటా ఆవిడతో అందట. ఆవిడ తన తోడికోడలి చెవిన వేసిందట. ఆ తోడికోడలు కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లి సరిగ్గా ఆ ఇంజను తాలూకు పిల్ల మొహం మీదే అడిగేసిందట: "ఇంజను బాగుచేస్తున్నాడా, నిన్ను బుట్టలో వేస్తున్నాడా అమ్మాయ్?"

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే ఆ పిల్ల, తోడికోడలి ముక్కు మీది జోడు సర్ది, "ఇప్పుడు వీధి చివరిదాకా కనిపిస్తుందండీ. పక్కవాళ్ల కిటికీల్లోకి మాత్రం చూడకండి, కళ్లకి మంచిది కాదు," అందట.

అక్కడ అలా అన్నా, ఆ ఆదివారం మెకానిక్కు స్టవ్వుల షాపుకొచ్చేసరికి మొహం ధుమధుమలాడుతోంది.

"ఏడు వారాలు!"

"వాషరు దొరకలేదండీ."

"మీకు వాషరు తప్ప ఇంకో జబ్బు తెలీదా?"

నిజానికి ఆ వీధిలో అతని పేరే వాషరు. స్టవ్వు తెచ్చినా, కుక్కరు తెచ్చినా, నీళ్ల పంపు తెచ్చినా చూడగానే "వాషరు పోయిందండీ" అంటాడు. పదింట తొమ్మిదిసార్లు అదే నిజమవుతుంది.

మొదటిసారి ఆమె వానలో వచ్చింది. గొడుగు తన నెత్తికి కాకుండా చంకలో ఉన్న చెప్పుల డబ్బాకి పట్టింది. తను తడిసి ముద్దయింది, డబ్బా మాత్రం పొడిగా ఉంది. అందులో జానెడు ఇంజను. కొండదారుల్లో సన్న పట్టాల మీద పాకే చిన్న రైళ్లుంటాయే, వాటి నమూనా. ఉత్త బొమ్మ కాదు. రాగి బాయిలరులో నీళ్లు పోసి కింద స్పిరిటు దీపం వెలిగిస్తే నిజం ఆవిరితో నడవాలి. విడిభాగాల కిట్టు తెప్పించుకుని, ఆమె అన్న మూడేళ్లు కూర్చుని బిగించాడు.

"వాషరు పోయుంటుందండీ," అన్నాడతను.

"మూత తియ్యకుండానే?"

"బరువు చూస్తే తెలిసిపోతుంది."

"అయితే మా షాపు మూసేసుకోవచ్చు. మీకు చేతుల్లోనే కళ్లున్నాయి," అని జడ పిండుకుంది. ఆ నీళ్లు అతని బల్ల మీద పడ్డాయి. తుడవబుద్ధి కాలేదు.

తరవాత వేళాకోళం మాని చెప్పింది. అన్న బట్టల మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. రెండేళ్ల కిందట అక్కడ ఆవిరి పైపు పగిలి చనిపోయాడు. ఆ పైపు కారుతోందని ముందురోజు ఇంట్లో చెప్పాడు కూడా. కానీ ఎంక్వయిరీలో, నీటి మట్టం చూసుకోలేదు, తప్పు అతనిదేనని రాశారు. నాన్న అదే మిల్లులో ఫిట్టరు. ఆ రోజు నుంచి స్పానరు ముట్టలేదు. ఇంట్లో ఏం మాట కదిపినా, ఆఖరికి ఆమె పెళ్లి మాటెత్తినా, ఆయనది ఒకటే జవాబు. "వాడి ఇంజను నడవనీ. అప్పుడు చూద్దాం."

"నడిపించండి చాలు," అంది. "మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు."

ఆమె వెళ్లాక అతను ఇంజను విప్పాడు. నిప్పు పెట్టేముందు బాయిలరు నిండా చన్నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచి చూడటం పద్ధతి. చూశాడు. అడుగున పైపు కలిసేచోట చెమట పట్టినట్టు చుక్కలు. చాకు మొనతో గీస్తే మెత్తగా దిగింది.

సీసం.

బాయిలరుని అతకాల్సింది వెండి టంకంతో, రాగి ఎర్రబడేదాకా కాల్చి. సీసం అతుకు బకెట్టుకి సరిపోతుంది. బాయిలరులో నీళ్లు కాస్త తగ్గాయా, ఆ వేడికి సీసం కరిగి ఆవిరి మొహాన కొడుతుంది.

అతను చాకు మడిచి పక్కన పెట్టాడు. అన్న చేసిన పని ఇంత నిర్లక్ష్యంగా ఉందని చెబితే, ఆ ఎంక్వయిరీ కాగితం మీద తనూ ఓ సంతకం పెట్టినట్టే. చెప్పకుండా దీపం వెలిగిస్తే, ఆమె మొహం దానికి అడుగు దూరంలో ఉంటుంది.

అందుకే తరవాతి ఆదివారం ఆమె వచ్చి "ఏమిటి జబ్బు?" అనడిగితే, "వాషరే," అన్నాడు. అని, గుట్టుగా కొత్త బాయిలరు మొదలుపెట్టాడు. స్టవ్వులు బాగుచేసే చేతికి అదేమన్నా అలవాటా? రాగి మూత చెక్కదిమ్మ మీద కొట్టి వంచుతుంటే మొదటిది చిరిగింది. రెండోది అతుకు దగ్గర కారింది. మూడోది నిలబడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఈలోపు ఆమె ఆదివారం ఆదివారం వచ్చేది. బాయిలరు ఎక్కడని అడిగితే "నానబెట్టానండీ" అనేవాడు. ఆమె షాపులో వాడే భూతద్దం కంటికి తగిలించుకుని, కింద పడ్డ ఆవగింజంత స్క్రూలు ఏరిపెట్టేది.

"మీరు ఇంజను కన్నా నన్నే ఎక్కువ చూస్తున్నారు," అందొకసారి, తల ఎత్తకుండా.

"ఇంజను మసిపట్టిపోయింది కదండీ."

"అయితే?"

"మీరు మసిపట్టలేదు."

"ఛీ! పొగడ్త కూడా రిపేరు భాషలోనే!" అని పకపకా నవ్వింది. రెండేళ్లలో అదే మొదటి నవ్వని అతనికి తెలీదు.

ఏడో ఆదివారం మాత్రం నవ్వలేదు. "ఇవాళ నడవకపోతే ఇక రాను," అంది.

"మధ్యాహ్నం మీ ఇంటికే తెస్తాను," అన్నాడు.

తెచ్చాడు. చెప్పాలో వద్దో తేలక పాత బాయిలరు కూడా సంచిలో వేసుకొచ్చాడు.

అన్న గదిలో నేల మీద పట్టాలు గుండ్రంగా పరిచే ఉన్నాయి. ఫిట్టరుగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. బాబాయ్‌గారూ అనబోయి అతను నాలుక కరుచుకున్నాడు. అలా పిలిస్తే ఈవిడ చెల్లెలవుతుంది.

"ఫిట్టరుగారూ, వెలిగించనా?"

"కానీ."

నీళ్లు, నూనె చుక్క, దీపం. చేతిగడియారమంత కూడా లేని ఆవిరి మీటరులో ముల్లు కదిలింది. అతను చక్రాన్ని వేలితో తోశాడు. ఇంజను తుమ్మినట్టు రెండు చుక్కల వేణ్ణీళ్లు ఉమ్మి, ఆగి, మళ్లీ ఉమ్మి, చక్ చక్ చక్ మని బయల్దేరింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక చుట్టు. రెండు. ఇంజను తన ముందుకి వచ్చినప్పుడల్లా ఫిట్టరుగారు ముందుకి వంగారు. దీపం ఆరి ఇంజను ఆగింది.

"అబ్బాయ్," అన్నారాయన, "మీ పెద్దవాళ్లని ఒకసారి రమ్మను. మాట్లాడుకుందాం."

ఆమె చటుక్కున తల దించుకుంది. చల్లారిన ఇంజనుని ఒళ్లోకి తీసుకుని, సిగ్గు దాచుకోవడానికి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. భూతద్దం కంటికి పెట్టుకుంది.

"ఇక్కడ నొక్కు ఉండాలి. అన్న చేతిలోంచి స్పానరు జారిపడింది. ఆ బాధకి రెండ్రోజులు అన్నం తినలేదు." తలెత్తి అతని వైపు చూసింది. "ఈ బాయిలరు మా అన్నది కాదు."

"వాషరు మార్చేటప్పుడు..."

"ఇంకోసారి వాషరన్నారంటే దీన్నే పెట్టి కొడతాను."

అతను సంచిలోంచి పాతది తీసి ఆమె ముందు పెట్టాడు. సీసం సంగతి, కారడం సంగతి, కరిగితే ఏమయ్యేదో అంతా చెప్పాడు. చాకుతో గీసిన గీత చూపించాడు.

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది. "అంటే ఎంక్వయిరీలో రాసింది నిజమేనంటారు."

"మిల్లు సంగతి నాకు తెలీదండీ. ఈ అతుకు సంగతే తెలుసు."

"మొదటి వారమే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఏడుస్తారని." సంచి మూతి బిగించాడు. "అదీ పూర్తి నిజం కాదు. మళ్లీ ఆదివారం రారేమోనని. నాకు మీరు కావాలి."

ప్రేమిస్తున్నానని చెప్పడానికి ఇంతకన్నా చెడ్డ ఘడియ ఇంకోటి ఉండదు. అది అతనికీ తెలుసు. సంచి తీసుకుని లేచాడు. ఆమె అతని చొక్కా అంచు పట్టుకుంది.

"కూర్చో. ఎక్కడికీ వెళ్లకు."

ఏడు వారాల 'మీరు' అక్కడితో సరి.

"ఇటివ్వు," అన్నారు ఫిట్టరుగారు. పాత బాయిలరుని తిరగేసి, బొటనవేలితో అడుగు తడిమారు. చాలాసేపు తడిమారు.

"వాడు వెండితోనే అతికాడమ్మా. గీరి చూడు, కింద ఉంటుంది."

అతను చాకు ఇచ్చాడు. ఆమె భూతద్దంలోంచి చూస్తూ గీరింది. మెత్తటి బూడిదరంగు పొర లేచింది. దాని కింద, చాకుకి లొంగకుండా, మెరుస్తూ సన్నటి గీత.

"ఉంది నాన్నా! మరి ఈ సీసం?"

"కాస్త కారుతోంది నాన్నా అని నా దగ్గరికి తెచ్చాడు. అంతా ఊడదీసి మళ్లీ కాల్చి అతుకుదామన్నాడు. బొమ్మకి అంత పని ఎవడు చేస్తాడురా అని పైన సీసం పూసిచ్చాను. వద్దు నాన్నా, ఇది నిలవదన్నాడు."

ఆమె చాకు పట్టుకునే తండ్రి వైపు తిరిగింది.

"మిల్లులో పైపు కారుతోందని కూడా అన్న నీకే కదా చెప్పాడు. నువ్వే కదా వెళ్లి చూశావు. అది మార్చావా నాన్నా?"

"లేదు. పైన పట్టీ వేసి, బాగానే ఉందని మిల్లువాళ్లకి రాసిచ్చాను."