తీరం రోడ్డు మీద ఒక్కరోజు కాపురం

"రేపొక్కరోజు నీకు పెళ్లైనట్టు లెక్క," అన్నాడు చీఫ్, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'పాదరసం' అని పిలిచే ఏజెంట్ ఆ పుల్ల కొసకేసి చూడలేక గోడ మీది మ్యాప్‌ని చూశాడు.

"సాయంత్రం నాలుగున్నరకి మూడు వందల మందితో స్టీమర్ లైట్‌హౌస్ దాటుతుంది. ఆ నీళ్లలో విదేశీ ముఠా మైన్ పెట్టింది. స్టీమర్ ఆపితే ముఠా జారుకుని ఇంకోరోజు ఇంకో ఓడ పేలుస్తుంది. మైన్‌ని పేల్చే ట్రాన్స్‌మిటర్ తీరం రోడ్డు మీద ఏదో క్యాంపర్ వ్యాన్‌లో ఉంది. నువ్వూ ఒక వ్యాన్‌లో కొత్త పెళ్లికొడుకులా వెళ్లు. ముఠా మనిషిని నీ పెళ్లాం గుర్తుపడుతుంది."

"ఎవరావిడ?"

"నెమలి."

నెమలి డబుల్ ఏజెంట్. పాదరసానికి పని నేర్పిన మాస్టారు ఆవిడ నవ్వు నమ్మే నిరుడు పరాయిదేశపు జైలు పాలయ్యాడు.

"మొన్నటిదాకా వాళ్ల మనిషి. నిన్నట్నించి మన మనిషి," అన్నాడు చీఫ్, పుల్లని ప్యాంటుకి తుడుచుకుంటూ.

పొద్దున ఎనిమిదికి బయలుదేరారు. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఉప్పుమడులు. చూడముచ్చటైన దారే. కానీ వ్యాన్ నిండా ఆవిడ సెంటు, దాని కింద ముక్కిపోయిన పరుపుల వాసన. నెమలి నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కాళ్లు డాష్‌బోర్డు మీదకి చాపి, ఉడికిన గుడ్లు ఒలుచుకుంటోంది. పెంకులు అతని ఒళ్లో పడుతున్నాయి.

"ఏమండీ, కాస్త నవ్వండి. ఆముదం తాగిన మొహం పెడితే పెళ్లికొడుకని ఎవరు నమ్ముతారు?"

"మా మాస్టారిని పట్టించినరోజు కూడా ఇలాగే నవ్వావా?"

"ఆరోజు ఇంకా బాగా నవ్వాను." ఆవిడ గుడ్డు కొరికింది.

తేలుతో కాపురం ఇంతకంటే నయమనుకుని గేరు మార్చాడు.

మూడున్నరకి లైట్‌హౌస్ కింద మైదానంలో ఆగారు. అక్కడ అప్పటికే ఆరు వ్యాన్లున్నాయి. రిటైరైన పళ్ల డాక్టర్నంటూ ఒక పెద్దమనిషి టీకి పిలిచాడు. ఒక్కో కప్పూ మూడేసిసార్లు తుడిచాడు.

"ఈ గాలిలో ఉప్పెక్కువండీ," అంది నెమలి.

"పుండున్నవాడికే తెలుస్తుందమ్మా," అన్నాడు డాక్టరు.

కోడ్ కలిసింది. నెమలి ఇంకా తమ మనిషేనని డాక్టరు ధీమా. ఆవిడ అతన్ని కబుర్లలో దింపింది.

పాదరసం సిగరెట్ నెపంతో లేచి డాక్టరు వ్యాన్ వెనక్కి నడిచాడు. వాచీలో దాచిన డిటెక్టర్ ముల్లు వణికింది. తలుపు దగ్గర కొంచెం, కిటికీ దగ్గర ఇంకొంచెం. మరుగుదొడ్డి ట్యాంకు దగ్గర మాత్రం పిచ్చిగా గింగిరాలు కొట్టింది.

టైమ్ నాలుగు ఇరవై ఆరు.

మూత తీశాడు. కళ్లు మండాయి. వారం రోజులుగా ఖాళీ చేయని ట్యాంకు, పైగా ఎండ. తాగిన టీ గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి, కుడిచెయ్యి భుజందాకా దించాడు. వేళ్లకి వెచ్చగా, మెత్తగా ఏవేవో తగిలాయి. చివరికి దొరికిన ప్లాస్టిక్ సంచిని పైకి లాగాడు. లోపల ట్రాన్స్‌మిటర్ మీద ఎర్ర అంకెలు వెనక్కి పరిగెడుతున్నాయి.

"చేతులు పైకి," అంది వెనక గొంతు. డాక్టరు, పిస్తోలుతో.

పాదరసం చేతులెత్తాడు. కుడిచేతి మీంచి కారినదాంట్లో రెండు చుక్కలు డాక్టరు చొక్కా మీద పడ్డాయి. డాక్టరు ముక్కు మూసుకుని అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు చాలు. పాదరసం కాలు పిస్తోలుని ఎగరగొట్టింది, మోకాలు పొట్టలో దిగింది.

తొమ్మిది సెకన్లు. సంచి ముడి వేళ్లకి చిక్కకుండా జారిపోతోంది. ఎనిమిది. గోరు దిగడంలేదు. ఆరు. అతను కళ్లు మూసుకుని సంచిని పళ్లతో కొరికి చించాడు. బ్యాటరీ ఊడొచ్చేసరికి అంకె రెండు దగ్గర ఆగింది.

స్టీమర్ కూత వేసుకుంటూ లైట్‌హౌస్ దాటింది. డెక్ మీద జనం చేతులూపారు.

నెమలి వచ్చి పిస్తోలు తీసి డాక్టరుకి గురిపెట్టింది. "ట్యాంకులో ఉందని నాకు పొద్దున్నే తెలుసండీ."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీ మొహం డాక్టరుకి చెప్పేసేది."

తమ వ్యాన్ రేడియోలో చీఫ్ గొంతు పలికింది. "శభాష్. మీ మాస్టారి కుర్చీ రేపట్నించి నెమలిదే. ఇక నీకు పైఆఫీసర్. కంగ్రాట్స్ చెప్పు."

పాదరసం ఉమ్మేశాడు. మళ్లీ ఉమ్మేశాడు.

"కంగ్రాచ్యులేషన్స్, మేడమ్," అంటూ కడగని కుడిచెయ్యి చాచాడు.

నెమలి ఆ చేతికేసి చూసింది. నవ్వుతూ అందుకుని గట్టిగా ఊపింది.

ఆ కుర్చీకి కావలసిన అర్హతేమిటో పాదరసానికి అప్పుడు తెలిసొచ్చింది. అది తనకి లేనందుకు మొదటిసారి సంతోషించాడు.