ఖాళీ చాంబర్

నగరంలోని వరాఛా పేటలో పట్టపగలే, వజ్రాల కారఖానా మెట్ల మీద గంగారాంని కాల్చి చంపారు. అతను నిఘా విభాగానికి ఇన్‌ఫార్మర్. చనిపోయే ముందు ఒక్క మెసేజ్ పంపాడు: "కిమ్ ఊరు. మూతపడ్డ డైయింగ్ మిల్లు. ఇవ్వాళే."

అదే నగరంలో, ఆల్థాన్‌లోని సేఫ్‌హౌస్‌లో విభాగం చీఫ్ విజయశ్రీ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించింది. ఒక విదేశీ ముఠా చీరల బేలులో బాంబు పెట్టి టెక్స్‌టైల్ మార్కెట్‌కు చేర్చింది. ఏ దుకాణమో తెలియదు. ముఠా నాయకుడు విక్టర్ తన శాటిలైట్ ఫోన్‌లో కోడ్ కొడితే అది పేలుతుంది. విక్టర్ వెంట సింధూజ ఉంటుంది. చీరల ప్రకటనల్లో మెరిసే మోడల్, రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్.

"అసలు ఆమె ఎవరి మనిషి, మేడమ్?" అడిగాడు ఏజెంట్ రవీంద్ర.

"నాకూ తెలియదు."

ఆ మాటతోనే రవీంద్రకు భయం మొదలైంది.

బాయిలర్ మెకానిక్ వేషంలో, బట్టలకు రంగులద్దే ఆ పాత మిల్లుకు వెళ్లాడు. గేటు దగ్గర, గంగారాం ఇదివరకే చేరవేసిన కోడ్‌వర్డ్ పనిచేసింది. లోపలి కాపలావాళ్లు ఇద్దరు మాత్రం టూల్‌బ్యాగ్ తెరవమన్నారు. కాల్పులు మొదలయ్యాయి. ఇద్దరూ పడిపోయేసరికి రవీంద్ర పిస్టల్ ఖాళీ అయి, దాని పైభాగంలోని స్లైడ్ వెనక్కి వెళ్లి ఆగిపోయింది.

రంగు డ్రమ్ము చాటుకు దూకాడు. చెమటతో చేతులు జారుతున్నాయి. తూటాలున్న కొత్త మ్యాగజైన్ తీసి, పిడిలోకి భయంతో బలంగా గుద్దాడు. స్లైడ్ తనంతట తానే ఖట్‌మని ముందుకొచ్చి మూసుకుంది.

ఆ పిస్టల్‌కు అలా జరగడం మామూలే. ఒక్కోసారి తూటా, అది పేలే చాంబర్‌లోకి ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదు. ఇప్పుడు ఎక్కిందా?

డ్రమ్ము అంచు నుంచి తొంగి చూస్తే, ఎదురుగా విక్టర్ ఫోన్ తీసి కోడ్ నొక్కడం మొదలుపెట్టాడు. అదే క్షణంలో రవీంద్ర మెడకు చల్లటి పిస్టల్ గొట్టం తగిలింది. వెనక నుంచి అంతా చూసిన సింధూజ.

"ఫినిష్ హిమ్," అన్నాడు విక్టర్ తలెత్తకుండానే.

సింధూజ తిడుతున్నట్టు గొంతు పెంచింది. మాట్లాడింది మాత్రం విక్టర్‌కు రాని తెలుగులో. "అన్నా, మ్యాగజైన్ పూరా ఎక్కకముందే స్లైడ్ మూసుకున్నది. లోపల గోలీ లేదు. అడుగున ఒక్కటి గుద్ది, మల్ల గుంజు. జల్ది."

ఆమె చెప్పేది అబద్ధమైతే, స్లైడ్ లాగే ఆ ఒక్క క్షణంలో విక్టర్ కోడ్ పూర్తి చేస్తాడు. మార్కెట్‌లో ఎంతమంది ఉంటారో తలచుకోవడానికే భయమేసింది. నమ్మాలా? గంగారాం ఎవరిని నమ్మి చనిపోయాడో!

మ్యాగజైన్ అడుగున అరచేత్తో గుద్ది, స్లైడ్ లాగి వదిలాడు. చాంబర్‌లోంచి తూటా ఏదీ బయటకు ఎగిరి పడలేదు. అంటే ఇంతసేపూ అది ఖాళీయే. ఆమె చెప్పింది నిజం.

విక్టర్ వేలు చివరి అంకె మీదికి దిగుతుండగా రవీంద్ర కాల్చాడు. విక్టర్ మణికట్టు పట్టుకుని కూలిపోయాడు. ఎగిరిన ఫోన్ రంగునీళ్ల తొట్టిలో మునిగింది. సింధూజ రవీంద్ర మెడ మీది పిస్టల్ తీసి విక్టర్ వైపు తిప్పింది.

విక్టర్ దుకాణం పేరు చెప్పాక, సాయంత్రానికి బాంబు దొరికింది, నిర్వీర్యం చేశారు. సేఫ్‌హౌస్‌లో జరిగిందంతా విని విజయశ్రీ అడిగింది, స్లైడ్ మూసుకున్నాక అంతసేపు ఎందుకు ఆగావని.

"భయమేసింది, మేడమ్."

ఆమె పెన్ను అతని వైపు జరిపింది.

"రిపోర్టులో 'వ్యూహాత్మక విరామం' అని రాయి."