మైదా గోనె మీద పక్కింటివాడు

"ఇది విలనా? పన్నునొప్పితో మూలుగుతున్న మా మామయ్యలా ఉన్నాడు!"

వెనక నుంచి నవ్వు వినబడగానే కోబినా కుంచె ఆగింది. రెండు మైదా గోనెలు కలిపి కుట్టిన గుడ్డ మీద అతను సినిమా పోస్టరుగా వేస్తున్న రాక్షసుడికి కొమ్ములు, కోరలు, మెడలో పాము, గడ్డం నిండా రక్తం. నవ్వింది అమర్లే. లాబాడీ వీధిలో, టికెట్ పెట్టి క్యాసెట్ సినిమాలు ఆడించే వీడియో క్లబ్‌కి ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో టచప్ పని ఆమెది.

"నవ్వు, నవ్వు. శుక్రవారం ఈ బొమ్మ దగ్గర జనం ఆగకపోతే క్లబ్ యజమాని లాంప్టీగారు నన్ను పని మాన్పించేస్తారు. కేప్ కోస్ట్ వెళ్ళి మా బాబాయి పడవలో వలలు లాగాలి."

అమర్లే నవ్వు మాయమైంది. "సినిమా చూశావా?"

"క్యాసెట్ ఇంకా రాలేదు. విలన్ పక్కింటివాడట. అంతే తెలుసు."

"పక్కింటివాడికి కొమ్ములెందుకయ్యా?"

కోబినా కుంచె కింద పెట్టాడు. "అయితే నువ్వే చెప్పు. మొహంలో మనిషిని భయపెట్టేది ఏమిటి?"

ఆమె గుడ్డకు దగ్గరగా వచ్చింది. "నేను రోజంతా మొహాలు సరిచేస్తాను కదా. రెండు కళ్ళూ సమం చేస్తాను. కంటిపాపలో తెల్ల చుక్క పెడతాను, ప్రాణం వస్తుంది. వెలుతురు గడ్డం కింద నుంచి పడితే ఆ ఫోటో పనికిరాదు. ఇవన్నీ తిరగేసి చూడు."

"మరి నోరు?"

"నోరు నవ్వనీ. కళ్ళు నవ్వకూడదు."

కొమ్ములు పోయాయి. పాము పోయింది. మర్నాడు మధ్యాహ్నం ఒకే ఆకులో కెంకీ అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద, వేయించిన చేప తింటూ ఇద్దరూ ఆ మొహం ముందు కూర్చున్నారు. మామూలు మనిషి. ఒక కన్ను కాస్త కిందికి ఉంది. కోబినా లేచి, కళ్ళలోని తెల్ల చుక్కలు గుడ్డతో తుడిచేశాడు.

అమర్లే కూర్చున్నచోటే కాస్త వెనక్కి జరిగింది.

"ఎవరితను?" అమర్లే గొంతు తగ్గింది.

"తెలీదు. కానీ మనల్ని ఎరిగినట్టే చూస్తున్నాడు."

శుక్రవారం చేపలమ్మే ఆవిడ ఒకతె ఆ బొమ్మ చూసి అవతలి పక్కకు దాటింది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కొచ్చి టికెట్ కొంది. ఆమె వెనక క్యూ పెరిగింది. లాంప్టీ బయటికొచ్చి, "మాస్టరూ, ఇకమీద మన క్లబ్ బొమ్మలన్నీ నువ్వే వెయ్యాలి," అన్నాడు.

ఆట వదిలేసరికి ఇంకా ఎండ ఉంది.

"నన్ను ఇంటిదాకా దిగబెట్టు. భయంగా ఉంది," అంది అమర్లే.

"చుక్కల గుట్టు చెప్పింది నువ్వేగా! నీకే భయమా?"

"అయితే ఏం? భయపడకూడదా?"

"మరి రేపు?"

"రేపూ భయమే."

కోబినా ఆమె వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళుంటుంది ఈ భయం?"

అమర్లే అతని చేతిలోని రంగు డబ్బా లాక్కుని ముందుకు నడిచింది.

"మా అమ్మ ఇంట్లోనే ఉంది. ఆవిణ్ణే అడుగుదువుగాని, పద."