మేదరమెట్ల దగ్గర ముప్ఫై ఎనిమిది కిలోవాట్లు

"సెల్ పోయింది," అన్నాడు చీఫ్ చైతన్యకృష్ణ.

ఏజెంట్ జక్రయ్య తెర వైపు తిరిగి కూర్చున్నాడు. చీఫ్ గారికి దేశం మునిగిపోతున్నా ముందు ప్రొజెక్టర్ వెలగాలి. అది వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గుంటూరులో ఒక మిరప కోల్డ్ స్టోరేజ్ పై అంతస్తులో ఉంది ఆ రహస్య కార్యాలయం. కింది నుంచి వచ్చే ఘాటుకి ప్రతి బ్రీఫింగూ తుమ్ములతోనే మొదలవుతుంది.

తెర మీద ఒక ముసలావిడ ఫోటో పడింది. "డాక్టర్ సంతోషకుమారి. మీ ఒంగోలు ఆవిడే. తొమ్మిదేళ్ళు కష్టపడి ఈ బ్యాటరీ సెల్ తయారుచేశారు. దీని ఛార్జింగ్ కర్వ్ చూడు."

జక్రయ్య చూశాడు. మామూలు కారు బ్యాటరీ మిరపకాయలు కుక్కే గోనె టిక్కీ లాంటిది. ఖాళీ సంచిలో మొదట గంపలతో పోస్తారు, నిండేకొద్దీ పిడికెళ్ళతో కుక్కుతారు. అందుకే ఛార్జింగ్ గీత మొదట కొండెక్కి, తర్వాత జారిపోతుంది. ఈవిడ సెల్ గీత మాత్రం ఎనభై శాతం దాకా వంగలేదు.

"నిన్న హైదరాబాదు ల్యాబ్‌లో కొట్టేశారు. ఆంపియర్ సిండికేట్ మనిషి విక్టర్ హెల్మ్. ఇవాళ ఎలక్ట్రిక్ కారులో అద్దంకి మీదుగా దక్షిణాన ఓడరేవుకు పోతున్నాడు. నాలుగింటికి ఓడ. అది కదిలిందంటే వచ్చే వారం ఆ సెల్ మీద పేటెంట్ ఇంకొకడి పేరున ఉంటుంది. ఆవిడ తొమ్మిదేళ్ళూ గాలికి పోతాయి."

"దారిలో పట్టుకుంటాను."

"ముట్టుకోకూడదు! డిప్లొమాటిక్ బ్యాగ్. ఢిల్లీ పర్మిషన్ కావాలి. ఫైలు ఒకటిన్నరకు సంతకమవుతుంది. వాడు పన్నెండు నలభైకి మేదరమెట్ల ఛార్జర్ దగ్గర ఆగుతాడు. ఆ దారిలో ప్రస్తుతం పనిచేస్తున్న ఫాస్ట్ ఛార్జర్ అదొక్కటే. పది నుంచి ఎనభై శాతం, ఇరవై ఏడు నిమిషాలు. అంటే ఒకటీ ఏడుకల్లా వెళ్ళిపోతాడు. ఒకటిన్నర దాకా ఆపాలి. వాడి మీద వేలు కూడా వేయకుండా."

చీఫ్ ఒక కిళ్ళీ డబ్బా లాంటిది ముందుకు తోశాడు. "కర్వ్ బెండర్. పక్కన పెట్టి నొక్కితే ఛార్జింగ్ స్పీడ్ పడిపోతుంది. ఇక కారులో మన క్రిస్టీనా ఉంది. లండన్లో చదివిందని ఫైల్లో ఉంది. ఆర్నెల్ల కింద ఆ ముఠాలోకి పంపాం. రెండు నెలలుగా రిపోర్టు లేదు. కోడ్ అడుగు. జవాబు రాకపోతే అమ్ముడుపోయినట్టే."

అమ్ముడుపోయే ఉంటుందని జక్రయ్యకు అప్పుడే అనిపించింది. పెర్ఫ్యూమ్ కొట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పనిచేసే ఏజెంట్లంటే అతనికి మొదటి నుంచీ చిన్నచూపే.

మిట్టమధ్యాహ్నం. మే నెల. హైవే పక్కన రేకుల షెడ్డు, దాని కింద ఒక ఛార్జర్. రోడ్డుకి అవతల కల్లంలో ఎండుమిర్చి ఎర్రగా పరిచి ఉంది. జక్రయ్య గోలీసోడా బండివాడి వేషంలో నిలబడ్డాడు. పెట్టుడు మీసం జిగురు ఎండకి కారి పెదాల మీదకు దిగుతోంది. ఈ మీసాన్ని ఎంపిక చేసిన కమిటీని ఇక్కడే ఒక గంట నిలబెట్టాలని అతని కోరిక.

ఛార్జర్ చూసుకునే మనిషి పుల్లమ్మ. యాభై ఏళ్ళుంటాయి. పాత మిరప టిక్కీ ఒకటి నీళ్ళ డ్రమ్ములో ముంచి, తీసి, కార్లకు పెట్టే ఛార్జింగ్ గన్ పిడికి చుట్టి పెడుతోంది.

"అదేంటమ్మా?" అన్నాడు జక్రయ్య.

"గన్నుకి తడిగుడ్డ నాయనా. ఎండ గదా."

జక్రయ్య లోలోపల నవ్వుకున్నాడు. అక్కడ ఒక మహాశాస్త్రవేత్త తొమ్మిదేళ్ళు తల బద్దలు కొట్టుకుంటే, ఇక్కడ ఈవిడ గోనెసంచితో విద్యుత్తును ఉద్ధరిస్తోంది! అతను పుట్టింది ఒంగోలు టౌనులో, టీచర్ల క్వార్టర్స్‌లో. మిరప చేను అతనికి బస్సు కిటికీలోంచి మాత్రమే తెలుసు. ఆ సంగతి ఒప్పుకునే రకం కాదు.

సరిగ్గా పన్నెండు నలభైకి వెండిరంగు కారు వచ్చి ఆగింది. హెల్మ్ దిగాడు. తెల్లటి సూటు, ఎర్రబడ్డ ముఖం, ఎడమచేతికి గొలుసుతో కట్టుకున్న చిన్న నల్ల పెట్టె. రేకుల షెడ్డును, డ్రమ్మును, పుల్లమ్మను వరసగా చూసి ముక్కు చిట్లించాడు.

వెనకాల క్రిస్టీనా దిగింది. తెల్ల సిల్కు చొక్కా, నల్ల కళ్ళద్దాలు. జక్రయ్య సోడా పట్టుకుని దగ్గరకెళ్ళాడు.

"ఎనభై దాటాక ఎందుకండీ తొందర?" అన్నాడు మెల్లగా. అది కోడ్.

ఆమె అతన్ని కాళ్ళ నుంచి మీసం దాకా చూసింది. "సోడా వద్దు. పో."

అయిపోయింది. అమ్ముడుపోయింది. జక్రయ్యకు ఒళ్ళు మండిపోయింది. దేశం జీతమిచ్చి పంపితే దేశాన్నే అమ్ముకునే మనిషి!

పుల్లమ్మ గన్ పెట్టింది. స్క్రీన్ మీద అంకెలు పరుగెత్తాయి. నూటనలభై రెండు కిలోవాట్లు. హెల్మ్ గడియారం చూసుకుని, "ఇరవై ఏడు నిమిషాలు," అన్నాడు ఇంగ్లీషులో, తన జేబులోంచి తీసి ఇచ్చినట్టు.

జక్రయ్య బండి చాటుకెళ్ళి కర్వ్ బెండర్ నొక్కాడు. దాని బుల్లి తెర వెలిగింది.

'పరికరం వేడెక్కింది. దయచేసి నీడలో ఉంచండి.'

మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆ ముక్క కూడా రాలేదు. ముగ్గురు డైరెక్టర్ల సంతకాలతో వచ్చిన ఆ డబ్బా మే నెలలో పది నిమిషాలు ఓర్చుకోలేదు. అతని దగ్గర ఇంకో ఉపాయం లేదు. పద్దెనిమిది శాతం. ఇరవై. ఇరవై రెండు. సంతోషకుమారి ఫోటో గుర్తొచ్చి ఆ డబ్బానే ఇంకోసారి నొక్కి చూశాడు.

అప్పుడే క్రిస్టీనా గొంతు ఖంగుమంది.

"ఛీ! ఏంటీ కంపు గోనె? కారుకి మరకలవుతాయి. తీసెయ్!"

"ఉండనివ్వండమ్మా," అంది పుల్లమ్మ. "అదుంటేనే..."

"నాకు చెప్తావా?" క్రిస్టీనా తనే రెండు వేళ్ళతో టిక్కీని లాగి డ్రమ్ములోకి విసిరింది. హెల్మ్ మెచ్చుకోలుగా తలాడించాడు.

ఎంత పొగరు! జక్రయ్య పళ్ళు నూరుకున్నాడు. నాలుగు నిమిషాలు గడిచాయి. ఊరికే స్క్రీన్ వైపు చూసినవాడు మళ్ళీ చూశాడు. ఎనభై ఆరు కిలోవాట్లు. యాభై ఒకటి. ముప్ఫై ఎనిమిది. అక్కడ ఆగింది.

"బెండర్ పనిచేసిందా?" అని డబ్బా తీశాడు. అది చచ్చిపడి ఉంది.

పుల్లమ్మ అతని పక్కకొచ్చి గొణిగింది. "చెప్తే వినరు. ఈ ఎండకి గన్ను కాలిపోద్ది. పిడి కాలిందంటే మిషను భయపడి కరెంటు తగ్గించుద్ది. గోనె తడి ఉన్నంతసేపే ఆ స్పీడు. ఆ దొరసానికేం తెలుసు!"

జక్రయ్య ఇంకో సోడా కొట్టాడు. తనకూ తెలియదు మరి.

ఒకటీ ఏడు. బ్యాటరీలో ముప్ఫై ఎనిమిది శాతమే. హెల్మ్ స్క్రీన్‌ను తిట్టాడు, కంపెనీని తిట్టాడు, ఈ దేశపు ఎండను తిట్టాడు. ఛార్జింగ్ కర్వ్ గురించి క్రిస్టీనాకు పాఠం చెప్పాడు. పది నుంచి ఎనభై దాకా తన కారు ఇంతిస్తుంది, అంతిస్తుంది అని కంపెనీ కాగితం మీద ఉన్నదంతా వల్లించాడు. ఆ కాగితం రాసినవాడు మేదరమెట్ల ఎండ చూసి ఉండడు. క్రిస్టీనా శ్రద్ధగా వింటూ అతనికి కావాల్సినప్పుడల్లా "అవును సర్" అంది.

ఒకటీ ఇరవై ఆరు. యాభై ఒక్క శాతం.

"చాలు," అన్నాడు హెల్మ్. "ఏసీ ఆపేసి నిదానంగా పోదాం."

జక్రయ్య ఫోన్ తీసి చూసుకున్నాడు. నాలుగే నిమిషాలు! హెల్మ్ స్టాప్ నొక్కి గన్ లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. కాలిన గన్ లాకు బిగుసుకుపోయింది.

"ఏయ్! ఏం చేయాలి దీన్ని?"

"గోనె చుట్టాలయ్యా," అంది పుల్లమ్మ చేతులు కట్టుకుని. "సల్లబడితే అదే వచ్చుద్ది. ఇందాక అమ్మగారే వద్దన్నారుగా."

క్రిస్టీనా డ్రమ్ములోంచి టిక్కీ తీసి, నీళ్ళోడుతుండగా హెల్మ్ చేతుల్లో పెట్టింది. "మీరే గట్టిగా చుట్టి పట్టుకోండి సర్. నాకంత బలం లేదు." చెప్పి నుదుటి చెమట తుడుచుకుంది.

ఆ తుడుచుకోవడం చూసి జక్రయ్య ఆగిపోయాడు. ఆమె అరచేయి వాడలేదు. మోచేయి పైకెత్తి చొక్కా చేతికి ముఖం రాసుకుంది. ఇందాకటి నుంచీ పుల్లమ్మ తుడుచుకుంటున్నదీ అలాగే. మిరప ముట్టిన చెయ్యి ముఖం మీదకు పోకూడదన్నది ఈ చేలల్లో పనిచేసిన ప్రతి ఆడమనిషికీ నడక కంటే ముందొచ్చిన అలవాటు. లండన్లో చదివిన క్రిస్టీనాకు ఎక్కడిది?

ఒకటీ ఇరవై ఎనిమిదికి లాకు టక్కున వదిలింది. హెల్మ్ విజయగర్వంతో గన్ పక్కన పారేశాడు, కారెక్కాడు, ముఖమంతా కారుతున్న చెమటను రెండు అరచేతులతో కళ్ళ మీదుగా శుభ్రంగా తుడుచుకున్నాడు.

క్రిస్టీనా చూసింది. చెప్పలేదు.

అరుపుకి కల్లంలో కాకులు లేచాయి. "నువ్వు నడుపు! నువ్వు నడుపు!" అని కేకలేస్తూ హెల్మ్ తలుపు తోసుకుని కిందపడ్డాడు.

"నా చేతులకీ కారమే సర్," అంది క్రిస్టీనా. పుల్లమ్మ అందించిన మజ్జిగతో తాపీగా చేతులు కడుక్కుంది.

ఒకటీ ముప్ఫై. జక్రయ్య ఫోన్ మోగింది. పర్మిషన్. ఊడి వేలాడుతున్న మీసాన్ని పీకి పారేసి, హెల్మ్‌కు ఫోన్లో వచ్చిన ఆర్డరు చూపించాడు. పాపం, అతను చూడలేకపోయాడు. పుల్లమ్మ మిగిలిన మజ్జిగ అతని ముఖాన కుమ్మరించింది. గొలుసు తెంచి పెట్టె తెరిస్తే బొటనవేలంత సెల్. ఒంగోలుకి ఫోన్ చేసి చెప్పాడు. అవతల సంతోషకుమారి గారు రెండుసార్లు "నిజమేనా?" అని అడిగారు. తర్వాత ముక్కు చీదిన శబ్దం వినిపించింది. జక్రయ్యకు కూడా కళ్ళు చెమర్చాయి. మిరప ఘాటు అనుకున్నాడు.

"నూరు చూడందే మా ఇంట్లో ఊరుకోరు," అంది వెనకనుంచి క్రిస్టీనా. అది కోడ్‌కి జవాబు.

"ఇందాకే చెప్పొచ్చుగా!"

"మీసం సగం ఊడి సోడా సీసాలోకి వంగి చూస్తోంది. అటువంటి మనిషికి కోడ్ చెప్పమంటావా? రెండు నెలలుగా నా ఫోన్ వాడి జేబులో ఉంది. మనవాళ్ళు ఎవరినో ఒకరిని పంపుతారని చూస్తే, నిన్ను పంపారు! ఇక ఆ గోనె నేనే లాగాల్సొచ్చింది."

జక్రయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు. పొద్దున్నుంచీ ఇద్దరు ఆడవాళ్ళను తీసిపారేశాడు. పనంతా వాళ్ళే చేశారు.

"అసలు పేరేంటండీ?" అన్నాడు, మొదటిసారి మర్యాదగా.

"సుబ్బరావమ్మ. మా నాయనమ్మ పేరు. మాది పర్చూరు. ఎనిమిదెకరాలు మిరప."

మర్నాడు రిపోర్టు వచ్చింది. కర్వ్ బెండర్ అద్భుతంగా పనిచేసిందని, ఇంకో పన్నెండు మంజూరు చేస్తున్నామని చీఫ్ రాశాడు. అవి వేడెక్కకుండా చుట్టడానికి పన్నెండు పాత గోనెసంచులు కూడా కావాలని జక్రయ్య కింద రాసి పంపాడు. డబ్బాలు వారంలో వచ్చాయి. సంచుల ఫైలు ఢిల్లీలో పరిశీలనలో ఉంది.