ఆ మధ్యాహ్నం బ్యాటరీలో ఎంత ఉంది?

కొడుకు ముడతల చొక్కాతోనే టిఫిన్‌కు కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఇస్త్రీ పెట్టె అటకెక్కి ఏడాది దాటింది. దించుదామంటే అత్తగారు మొహం తిప్పుకుంటుందని కోడలు ఆ ఊసే ఎత్తదు.

మధ్యాహ్నమైతే చాలు, అత్తగారికి పక్కగదిలో ఆక్సిజన్ మెషిన్ గురగుర వినిపిస్తుంది. ఆ మెషిన్‌ను భర్త పోయిన వారానికే తిరిగి ఇచ్చేశారు. అయినా వినిపిస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. అది ఆగినప్పుడే ఆమె గుండె జారిపోతుంది.

ఆ ఉదయం సోలార్ మెకానిక్ వచ్చాడు. డాబా మీద ప్యానెళ్లు బాగానే ఉన్నాయనీ, చిన్న బ్యాటరీ కావడంతో కరెంటు పోతే రెండు గంటలకే చేతులెత్తేస్తోందనీ తేల్చాడు. పెద్దది పెట్టించేద్దామన్నాడు కొడుకు. ధర విని కోడలు నోరెళ్లబెట్టింది. తల్లి మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ నాన్న ఉన్నప్పుడు పెద్దది కొనలేమన్నావు. ఇప్పుడు ఎవరి కోసంరా?"

ఆమె ఇక ఆపుకోలేక బయటపెట్టేసింది. ఏడాది కిందట మబ్బు పట్టిన ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. సాయంత్రం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నలగని చొక్కా వేద్దామని బ్యాటరీ మీదే ఇస్త్రీ చేసింది. గదిలోకి వచ్చేసరికి మెషిన్ ఆగిపోయి ఉంది. ఆయన లేరు.

"నా చేతులతో నేనే ఆయన ఊపిరి తీశాను."

మెకానిక్ తేదీ అడిగి, ఇన్వర్టర్‌లో ఆ రోజు వివరాలు తీశాడు. "ఆ రోజు బ్యాటరీ సగం కంటే కిందికి దిగలేదమ్మా."

"మరి మెషిన్ ఎందుకాగింది?"

"నేనే ఆపానమ్మా," అన్నాడు కొడుకు.

ఆమె కొడుకు వైపు తిరిగింది.

"అప్పటికే నాన్న పోయారు. లేని మనిషికి అది గాలి కొడుతూనే ఉంది. ఆ చప్పుడు వినలేక స్విచ్ కట్టేసి డాక్టర్ కోసం పరిగెత్తాను. పెద్ద బ్యాటరీ కొననందుకు నువ్వు నన్నే తిట్టుకుంటున్నావనుకున్నాను. అందుకే చెప్పలేకపోయాను."

ఏడాదిగా ఒకే కప్పు కింద ఒకరినొకరు తప్పించుకు తిరిగారు. ఆమె కొడుకు భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. చొక్కా ముడతలు చెంపకు గుచ్చుకున్నాయి.

కాసేపటికి కళ్లు తుడుచుకుని కోడలితో ఇస్త్రీ పెట్టె దింపించింది. "చొక్కా విప్పరా. ఇలాగేనా ఆఫీసుకి వెళ్లేది?"

అది వేడెక్కుతుండగా, మధ్యాహ్నం కాకుండానే పక్కగదిలో గురగుర మొదలైంది. ఆమె చెయ్యి ప్లగ్గు వైపు వెళ్లింది. అయినా తీయలేదు.