ఫాతెహాలో చివరి పేరు

ఈ కథలో వరుస తప్పొచ్చు. నాజియా కిందికి దిగాక కరెంటు పోయిందో, కరెంటు పోయాకే దిగిందో, రహీమాబీ ఒకరోజు ఒకలా చెబుతుంది, ఇంకోరోజు ఇంకోలా. ఈ మధ్య ఆమె తలలో సంగతులన్నీ ఉన్నాయి గానీ, ఉండాల్సిన చోట లేవు.

ఆ సాయంత్రం మాత్రం మామూలుగానే మొదలైంది. 2005 ఆగస్టులో ఒక గురువారం, జుమేరాత్. షార్జా రోలాలో మూడో అంతస్తు ఫ్లాటు. కింద బస్సుల హారన్లు, టాక్సీల వాళ్ళ కేకలు, చెట్ల మీద చేరిన గోరింకల గోల. వంటింట్లో రహీమాబీ పకోడీలు వేస్తోంది. పాటల కనకతార పోయిందని పొద్దున టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో చదివింది. చదివి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రహీమాబీ బడి ముఖం చూడలేదు. ఆత్మకూరులో ఉన్నప్పుడు, శనగలు పొట్లం కట్టిచ్చిన సినిమా కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. సినిమావాళ్ళలో ఎవరికి ఏది ఇష్టమో ఆ కాగితాలే చెప్పాయి. నాటకాల చలమయ్యకు వేరుశనగ ఉండ. నవ్వించే పొట్టి భద్రానికి ఉల్లి పకోడీ. కనకతారకు పాలకోవా. వాళ్ళలో ఎవరు పోయినా, ఆ వారం జుమేరాత్ నాడు వాళ్ళకిష్టమైనది చేసి, ఊదు వేసి, ఫాతెహా ప్రార్థన చదివి, పేరు పెట్టి పిలిచి సెలవు చెప్పేది. సినిమావాళ్ళకు ఫాతెహా ఏమిటని మొగుడు నూర్ మొహమ్మద్ ఒకసారి పళ్ళెం విసిరికొట్టాడు. చెదిరిన పకోడీలు ఏరుకుని మళ్ళీ పెట్టింది గానీ మానలేదు.

“మళ్ళీనా అత్తమ్మా!” కోడలు నాజియా గుమ్మంలోకొచ్చి నిలబడింది. “పోయిన జుమేరాత్ కూడా కనకతారకే ఇచ్చారు. అంతకు ముందు జుమేరాత్ కూడా.”

“నోరు కడుక్కో. ఆ తల్లి ఇవాళ పొద్దున పోతే.”

“పొద్దున టీవీలో వేసింది వర్ధంతి. ఆమె పోయి మూడేళ్ళయింది. పోయిన వారం మీరు చేసిన కోవా ఫ్రిజ్‌లో ఉంది. తెచ్చి చూపించనా?”

రహీమాబీ గరిట ఆపలేదు. చూడాలంటే భయం. నిజంగా ఉంటే?

“మామయ్యకు ఏడాదికోసారి, పొట్టి భద్రానికి వారం వారం!” నాజియా ఊరుకోలేదు. “పైనుంచి చూసి మామయ్య ఏమనుకుంటారో.”

“ఏమనుకుంటాడు? ఒక్కరోజు నన్ను నవ్వించి ఉంటే ఆయనకూ వేసేదాన్ని.”

నాజియాకు నవ్వాగలేదు. “సరే, ఖలాస్. నేను ఖుబ్బూస్ రొట్టెలు తెస్తాను. మీ అబ్బాయి బయల్దేరారట, కొండల దారిలో ఉన్నారు. మీ సినిమావాళ్ళు తినగా మిగిలితే ఆయనకు నాలుగు పకోడీలు ఉంచండి.”

యాసీన్ ఖోర్ ఫక్కాన్ రేవులో క్రేను నడుపుతాడు. వారమంతా అక్కడే. జుమేరాత్ సాయంత్రం తానే కారు నడుపుకుంటూ ఇంటికొస్తాడు. రహీమాబీకి మిగిలింది ఆ ఒక్క కొడుకే. ఎన్ని మరిచిపోయినా వాడు వచ్చే వేళ మాత్రం మరిచిపోదు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయింది. హాల్లో చాప పరిచి మూడు పళ్ళేలు పెట్టి, తెల్లగుడ్డ కప్పింది. నిప్పుల మీద ఊదు వేసింది. తెల్లటి పొగ మెల్లగా లేచి గోడ వారగా పాకింది. కిటికీలో ఏసీ ఒకసారి వణికి ఆగిపోయింది. లైటు పోయింది. కింద దుకాణాల దీపాలూ పోయాయి. ఉక్క గోడల్లోంచి ఊరుతున్నట్టు గదంతా నిండింది. గోరింకలన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.

రహీమాబీ లేవలేదు. ఫాతెహా మధ్యలో లేవకూడదు. తల మీద కొంగు సర్దుకుని పేర్లు మొదలుపెట్టింది.

“చలమయ్యగారూ, మీ ముద్ద మీకు ముట్టింది. సెలవు. వెనక్కి చూడకండి.”

“భద్రంగారూ, సెలవు...”

“కనకతారమ్మా, సెలవు తల్లీ...”

ఇంకొకరున్నారు. ఎవరో ఇంకొకరున్నారు. పేరు నాలుక చివరే ఉంది. రేడియోలో మాట్లాడేవాడా? హార్మోనియం వాయించేవాడా? నుదుటి మీద చెమట కళ్ళలోకి దిగింది. పోయినవాళ్ళను తనే మరిచిపోతే ఇంకెవరు తలుస్తారు? అంతలో ఒక పేరు దానంతటదే నోటికొచ్చింది. ఎంతో అలవాటైన పేరు, ఎంతో ఇష్టమైన పేరు. అమ్మయ్య అనుకుంది. ఆ పేరు చెప్పింది. సెలవు కూడా చెప్పేసింది.

అప్పుడు వాసన మారింది.

ఊదు కాదు. ముఖానికి పూసుకునే రంగు వాసన. పాతబడిన పట్టుబట్టల వాసన. పెట్రోమాక్సు లైటు కిరసనాయిలు వాసన. తలుపు దగ్గర గజ్జెలు కదిలాయి. ఆట కాదది... అలసిపోయిన కాళ్ళు ఈడ్చుకుంటూ రావడం. వచ్చినవాళ్ళు గోడ వారగా కూర్చున్నారు. చీర నలిగిన చప్పుడు. ఒక దగ్గు. పళ్ళెం మీది గుడ్డ తొలగింది. తడి లేని నోళ్ళు నములుతున్నాయి...

రహీమాబీ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అమ్మా...”

కనకతార గొంతే. పాట లేదు. ఒట్టి బొంగురు.

“ఎన్నిసార్లు సెలవిస్తావు?”

రహీమాబీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

“సగం దారి పోతాం... మళ్ళీ పిలుస్తావు. మళ్ళీ పోతాం... మళ్ళీ పిలుస్తావు.”

“మీరంటే నాకు ప్రాణం తల్లీ...”

“అందరూ అదే అన్నారు. జ్వరంతో ఉన్నా పాడించారు. బిడ్డను పూడ్చి వచ్చిన సాయంత్రమే జనాన్ని నవ్వించమని భద్రాన్ని నిలబెట్టారు. ముఖాన రంగు కడుక్కోనివ్వలేదు. ఇప్పుడు కూడానా?”

చీకట్లో భద్రం నవ్వు. ఊరంతా విరగబడి నవ్విన ఆ నవ్వే. మధ్యలో తెగి, ఏడుపులా జారిపోయింది.

“ఈసారి వెళ్ళిపోతాం,” అంది కనకతార. “తోడు దొరికాడు. కుర్రవాడు... బండి నడిపేవాడు.”

“ఎవరు?”

“నువ్వు పిలిచినవాడే.”

కరెంటు వచ్చింది. ఏసీ గుర్రుమంది. గోడ వారగా ఎవరూ లేరు. పళ్ళేల్లో ఒక్క ముక్క తగ్గలేదు. కానీ పకోడీ ముట్టుకుంటే మట్టిలా పొడైంది.

తలుపు తోసుకుని నాజియా వచ్చింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. “లిఫ్టు లేదని మెట్లెక్కి వస్తున్నాను. మీ గొంతు వినిపించింది. చీకట్లో మెట్ల మీదే ఆగి విన్నాను. కనకతార తర్వాత ఎవరికి సెలవు చెప్పారు?”

“ఎవరో... రేడియో ఆయన.”

“కాదు. యాసీన్ అన్నారు. యాసీనూ, సెలవు, వెనక్కి చూడకు అన్నారు.”

“నేనా? నేనెందుకంటానే?”

నాజియా చేతిలో ఖుబ్బూస్ సంచి అక్కడే వదిలేసి పడకగదిలోకి పరుగెత్తింది. ఫోను మీటలు నొక్కుతున్న చప్పుడు. రహీమాబీ చాప మీదే ఉండిపోయింది. నాలుకను పంటితో నొక్కిపట్టింది. ఆ పేరు నిజంగా తనే చెప్పిందా? గుర్తులేదు. గుర్తులేదు...

వీధి తలుపు మెల్లగా తెరుచుకుంది.

యాసీన్. రేవులో వేసుకునే నీలం చొక్కా. చెప్పులు విప్పకుండా వచ్చి గోడ వారగా కూర్చున్నాడు.

“అమ్మీ, ఆకలి.”

యా అల్లా, వచ్చేశాడు! నాజియాను కేకేయబోయింది. అంతలో పడకగదిలోంచి నాజియా గొంతు వినిపించింది. “మోగుతోంది అత్తమ్మా... ఎత్తడం లేదు.”

యాసీన్ చొక్కా జేబులో ఫోను పచ్చగా వెలుగుతోంది. చప్పుడు లేదు. వాడు దానివైపు చూడలేదు. పాలకోవా పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. తీపి ముట్టని మనిషి. తింటున్నాడు... తడి లేని నోటితో.

“నాజియాను పిలువు అమ్మీ. బయల్దేరాలి.”

“ఎక్కడికి నాయనా?”

వాడు కోవా నములుతున్నాడు.

రహీమాబీ గోడ పట్టుకుని లేచింది. పడకగది తలుపు బయటినుంచి లాగి గొళ్ళెం పెట్టింది. నాజియా బయటికొచ్చి వాణ్ణి చూస్తే వాడి వెంట వెళ్ళిపోతుంది. చూడలేకపోతే... వాడు లేడన్న సంగతి తెలిసిపోతుంది. రెండూ వద్దు.

“అత్తమ్మా! తలుపెందుకు వేశారు?”

“అరవకు తల్లీ. నేను ముసల్దాన్ని, నాకు పేర్లు నిలవడం లేదు. ఒక్కొక్కటీ చెబుతాను, నువ్వు సరిచూడు. చలమయ్య... పోయాడు కదా?”

వెనక గోడ దగ్గర ఎవరో మెల్లగా “ఆఁ” అన్నారు.

“భద్రం?”

“ఆఁ.” ఇది ఇంకో గొంతు.

“కనకతార... మూడేళ్ళన్నావు కదూ...”

“ఆఁ.”

రహీమాబీ తలుపు చెక్కకు నుదురు ఆనించింది. వెనక నమలడం ఆగింది.

“నాలుగోది నేను చెప్పను నాజియా. నువ్వే చెప్పు. మెట్ల మీద చీకట్లో విన్నావు కదా, సరిగ్గా విన్నావా? ఇంకొక్కసారి ఆలోచించి చెప్పు తల్లీ. ఆ పేరు తప్పని చెప్పు.”