తలుపులు పోల్చుకోని మనిషి

సముద్రం అడుగున కట్టిన నీలాద్రిపురంలో తాళంచెవులు లేవు. అరచెయ్యి ఆనిస్తే తలుపు నాడి లయను కొలిచి ఒక అంకెగా మారుస్తుంది. రికార్డులో ఉన్న అంకెతో అది సమానమైతేనే తెరుచుకుంటుంది.

ఆ ఉదయం చీఫ్ ఇంజనీరు భుజంగరావు సొంత ఇంటి తలుపుకే అరచెయ్యి రుద్దుతూ నిలబడ్డాడు. తలుపు "కాదు" అంది. మళ్లీ రుద్దాడు. "కాదు."

కంట్రోల్ రూము తెరమీద అది చూస్తూ వకుళ తీరిగ్గా టీ తాగింది. తలుపుల ఇంజనీరు ఆమే. సొరంగంలోకి నీళ్లొచ్చిన రోజు, యంత్రాలు తడుస్తాయని భుజంగరావు తలుపు మూయించాడు. అవతల ఆమె తమ్ముడు సింహాద్రి ఉండిపోయాడు. పైగా తప్పంతా చచ్చినవాడి మీదే తోశాడు.

ఆమె చేసిందల్లా ఒకటే. ముందురాత్రి ఆయన చెయ్యి ఆనించి అంకె సరిపోయిన క్షణంలోనే దాన్ని చెరిపేసి, ఆ చోట సున్నాను సున్నాతో భాగించింది. ఎంతొస్తుంది? ఒకటా? సున్నానా? చెప్పలేం కదా. కంప్యూటరూ చెప్పలేదు. 'నాట్ ఎ నంబర్' అని రాసి ఊరుకుంటుంది. దాన్ని ఏ అంకెతో పోల్చి చూసినా, పెద్దదా అంటే కాదు, చిన్నదా అంటే కాదు, సమానమా అన్నా కాదు. ఆఖరికి దాన్ని దానితోనే పోల్చినా సమానం కాదనే అంటుంది.

"నేను నేనేనమ్మా, దీనికి చెప్పు," అన్నాడు భుజంగరావు ఫోనులో.

"నా మాట వినదు సార్."

"అయితే కొత్త అంకె ఎక్కించు."

"పాతదానితో సరిపోతేనే కొత్తది ఎక్కుతుంది. దొంగలు దూరకుండా ఆ నియమం పెట్టించింది మీరేగా."

ఆమె కడుపు చల్లబడింది. ఆయన నడవాల్లో పడుకున్నాడు. ఎవరైనా తలుపు తీస్తే వాళ్ల వెనకాలే దూరి తిన్నాడు. "వీధికుక్క నయం," అని క్యాంటీనులో నవ్వుకున్నారు.

ఇంతలో సొరంగం ప్రమాదం మీద విచారణ తేలింది. తలుపు మూయమన్న గొంతు రికార్డులో దొరికింది. భుజంగరావుకు యావజ్జీవం పడింది.

జైలు గేటు దగ్గరికి వకుళను పిలిపించి వార్డెన్ సన్యాసప్పడు తల గోక్కున్నాడు. "శిక్ష పడ్డవాడు ఈయన కాదంటోంది తల్లీ, గేటు."

"లోపలికి తోసెయ్యి బాబాయ్."

"గేటు ఒప్పుకోని మనిషిని పెడితే నా ఉద్యోగం ఊడుతుంది. జడ్జిగారినీ అడిగాం. తలుపుల పూచీ నీది గనక, అవి పోల్చుకునేదాకా ఈయన్ని నీ ఇంట్లోనే ఉంచమన్నారు."

అవి ఎప్పటికీ పోల్చుకోవని తెలిసింది వకుళ ఒక్కదానికే.

సాయంత్రం ఆమె తన తలుపుకు అరచెయ్యి ఆనించింది. ఆమె వెనకే భుజంగరావూ లోపలికొచ్చి, చెప్పులు విడిచి, పీట మీద కూర్చున్నాడు.

"ఆకలేస్తోందమ్మా," అన్నాడు.

ఆ ఇంట్లో ఉన్నవి రెండే కంచాలు. ఒకటి ఆమెది, రెండోది సింహాద్రిది.